అభ్యంతరాలుంటే ఫాదర్‌గారికి చెప్పండి

"రైలు తప్పిపోతుందా మీకు?"

బైబిలు చదవడం ఆపి తలెత్తాను. చర్చిలో మొదటి బెంచీ మీద, చేతిలో పెన్సిల్ పట్టుకుని, ఆమె నన్నే చూస్తోంది.

"ఏ రైలు?"

"నాకేం తెలుసు? మీ చదువుడు చూస్తే స్టేషన్లో రైలు కూత వేసేసినట్టుంది. పౌలుగారు ఆ ఉత్తరం జైల్లో కూర్చుని, ఒక్కో మాటా ఆలోచించి రాశారండీ. మీరు నలభై సెకన్లలో ముగించారు. వాచీ చూశాను."

"బాగా లేదంటే మానేస్తాను. నాకేం సరదానా?"

"మానెయ్యడానికి వీల్లేదు. ఎప్పుడూ చదివే హెడ్మాస్టరుగారి గొంతు పోయింది. మీ అమ్మగారు మీ పేరిచ్చారు. మళ్ళీ మొదట్నుంచీ చదవండి, ఎక్స్‌ప్రెస్‌గారూ."

ఎక్స్‌ప్రెస్! ఆ పేరు పూలు సర్దుతున్న సిస్టర్ చెవిన పడింది. ఇంకేముంది, ఆదివారం కల్లా విచారణ మొత్తానికి తెలిసిపోతుంది. మా చర్చి కింద ఉన్న మూడొందల కుటుంబాలనీ కలిపి విచారణ అంటాం. అందులో ఒకరికి తెలిస్తే మూడొందల ఇళ్ళకీ తెలిసినట్టే.

నా సంగతి కాస్త చెప్పాలి. నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. ఎండాకాలం వచ్చిందంటే నాకు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. చర్చిలో వెనక బెంచీ వాణ్ణి. ప్రసంగం మొదలవగానే బయటికెళ్ళి ఫోన్ చూసుకునే జాతి. అలాంటివాణ్ణి దేవుని వాక్యం చదవమని ముందుకి తోశారు. ఎందుకు ఒప్పుకున్నానంటే, చదివేవాళ్ళకి నేర్పేది ఈమె కాబట్టి.

ఈమె వీధి చివర మందుల షాపులో ఫార్మసిస్టు. ఆదివారాలు పాటల బృందం నడుపుతుంది. మూడేళ్ళుగా నేను ఆ షాపులో తలనొప్పి మాత్రలు కొంటున్నాను. నాకు తలనొప్పి రాదు. ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

ఆ సాయంత్రం నాచేత పదకొండుసార్లు చదివించింది. పన్నెండోసారి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మేడమ్, నేను కంప్రెసర్లు బాగుచేసుకునేవాణ్ణి. నన్ను బిషప్‌ని చేద్దామనుకుంటున్నారా?"

"బిషప్‌ని చేస్తే ప్రసంగం గంట సేపు ఉండదు, అదో సుఖం," అని, నవ్వు దాచుకోవడానికి తల వంచి ఓ చీటీ రాసి నా చేతిలో పెట్టింది. "గురువారం జాతీయ సెలవు కదా. దేశం కోసం పెట్టే పెద్ద పూజలో చదివేది మనిద్దరమే. ఇది తీసికెళ్ళి సాక్రిస్టీలో నీలం ఫోల్డర్‌లో పెట్టండి. ఏ పఠనం ఎవరిదో తర్వాత రాస్తాను."

చీటీలో నాలుగే పేర్లున్నాయి. నా పేరు, ఎదురుగా మా నాన్న పేరు. కింద ఆమె పేరు, ఎదురుగా వాళ్ళ నాన్న పేరు. మా విచారణలో ఒకే పునీతుడి పేరు పెట్టుకున్నవాళ్ళు ఏడుగురున్నారు, అందుకని ఏ కాగితం రాసినా తండ్రి పేరు రాయడం ఇక్కడి అలవాటు.

సాక్రిస్టీ అంటే ఫాదర్ పూజ వస్త్రాలు వేసుకునే గది. అక్కడ బల్ల మీద రెండు ఫోల్డర్లుంటాయి. నీలం రంగుది పఠనాలది. తెల్లది పెళ్ళి ప్రకటనలది. నేను గడప దాటుతుంటే ఫోన్ మోగింది. ఐస్‌క్రీమ్ షాపాయన. "నా ఫ్రీజరు ఆగిపోయిందయ్యా! సరుకంతా పాయసమైపోతోంది, ఎక్కడున్నావ్?" అని ఒకటే కేకలు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, తెరిచి ఉన్న ఫోల్డర్‌లో చీటీ పడేసి పరుగెత్తాను.

తెరిచి ఉన్నది తెల్లది.

*

మాలో పెళ్ళి కుదిరితే మూడు వారాలు పూజలో జంట పేర్లు చదువుతారు. ఫలానావారి కుమారుడికీ ఫలానావారి కుమార్తెకీ వివాహం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఫాదర్‌గారికి తెలియజేయండి అని. అది అయితే గానీ పీఠం ముందుకి రానివ్వరు.

ఆ వారం మా ఫాదర్ ధ్యానకూటానికి వెళ్ళారు. ఆయన బదులు ఎనభై దాటిన పెద్ద ఫాదర్ వచ్చారు. బంగారంలాంటి మనిషి, కానీ కాగితం మీద ఏది కనిపిస్తే అది చదివే రకం. ఒకసారి 'వెనక పేజీ చూడుడు' అని కూడా భక్తిగా చదివారట.

ఆదివారం దివ్యసత్ప్రసాదం పంచడం అయ్యాక ఆయన కళ్ళజోడు సవరించుకుని తెల్ల ఫోల్డర్ తెరిచారు. నేను అలవాటు ప్రకారం వెనక బెంచీలో సగం నిద్రలో ఉన్నాను.

ముందు మా నాన్న పేరు వినిపించింది. ఎవరి గురించబ్బా అనుకున్నాను. తర్వాత నా పేరు వినిపించింది. తర్వాత వాళ్ళ నాన్న పేరు, ఆమె పేరు.

"...వీరి వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో తెలియజేయవలెను. దేవుడు ఈ జంటను దీవించును గాక."

"ఆమెన్!" అన్నారు ఆరొందల మంది.

నా నిద్ర ఎటు పోయిందో తెలీదు. పైన పాటల మేడ వైపు చూశాను. చివరి పాట మొదలవ్వాలి. మొదలవలేదు. ఒకటి, రెండు, మూడు... ఆర్గన్ తానంతట తాను మూలిగినట్టు మోగింది, ఆ తర్వాత ఆమె గొంతు. ఆ పాట అంత గట్టిగా ఆమె ఎప్పుడూ పాడలేదు.

బయటికి వచ్చేసరికి నా వీపు వాచిపోయింది. "ఎక్స్‌ప్రెస్ అంటే ఏమో అనుకున్నాం, పెళ్ళి విషయంలో కూడా ఎక్స్‌ప్రెస్సేనా!" అని ఒకడు చరిస్తే, "గుట్టుగా లాగించేశావు గదరా!" అని ఇంకొకడు. పెద్ద ఫాదర్ దగ్గరికి వెళ్దామంటే, ఆయన అప్పటికే ఇంకో చర్చిలో పూజకి స్కూటరెక్కి వెళ్ళిపోయారు.

మా అమ్మ చెట్టు కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. క్లినిక్‌లో నర్సు. ఆ భంగిమ చూస్తే జ్వరాలు కూడా దిగుతాయి.

"ఒరేయ్, నేను నిన్ను కన్నదాన్నా, పక్కింటిదాన్నా? ప్రకటన దాకా వెళ్ళావు, నాకో మాట చెప్పాలనిపించలేదూ?"

"అమ్మా, అది అసలు..."

"నోర్ముయ్. బీరువా నిండా తలనొప్పి మాత్రలుంటే నాకు తెలీదనుకున్నావా? నేను నర్సునిరా." అని కాసేపు ఉరిమి చూసి, నా చొక్కా కాలరు సర్దింది. "పిల్ల బంగారం. ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా ఏదీ చెయ్యకు."

అప్పటికే మా నాన్నకి ఫోన్ చేసేసింది. ఆయన లారీ డ్రైవరు; నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. "పెళ్ళెప్పుడో కాస్త ముందు చెప్పండే, ఆ వారం లోడు ఎత్తను," అన్నారట. అంతే, ఆయనకి అభ్యంతరం లేదు.

నిజం చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఏం చెప్పమంటారు? మూడేళ్ళుగా నాలో నేను గొణుక్కుంటున్న మాట ఒక పెద్దమనిషి మైకులో చదివితే, ఊరంతా ఆమెన్ అంటే, అది అబద్ధమని చెప్పడానికి నాలుక తిరగలేదు.

మేడ మెట్ల దగ్గర ఆడవాళ్ళ మధ్యలోంచి ఆమె నా వైపు చూసింది. అది కోపమో, సిగ్గో, మందు చీటీ మీద డాక్టరు రాతో, నాకు అర్థం కాలేదు.

*

సోమవారం మందుల షాపుకి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

కౌంటరు ముందు నలుగురున్నారు. దగ్గు మందు కొన్నావిడ "కంగ్రాట్స్ అమ్మా" అంది. చెవిలో చుక్కల మందు కొన్నాయన నన్ను చూసి కన్ను కొట్టాడు. అందరూ వెళ్ళేదాకా షాంపూ సీసాల మీద రాతలు చదువుతూ నిలబడ్డాను.

"చెప్పండి. తలనొప్పా?" అంది.

"ఇవాళ నిజంగానే వచ్చింది."

"నాకూ వచ్చింది." మాత్రల అట్ట కౌంటరు మీద పెట్టి, గొంతు తగ్గించింది. "ఆ చీటీ తెల్ల ఫోల్డర్‌లోకి ఎలా వెళ్ళిందండీ?"

ఇదీ సమయం. చెప్పెయ్యరా అనుకున్నాను.

"అంటే... గాలికేమైనా..."

"గాలికి ఫోల్డర్ మారుతుందా?"

"పెద్ద ఫాదర్ పొరపాటున..."

"ఆయన మీద తోస్తారా? పాపం ముసలాయన."

నా ముఖం కందిపోయింది. ఇప్పుడు నిజం చెబితే కావాలనే పెట్టాననుకుంటుంది. నలుగురిలో పరువు తీసి పెళ్ళికి ఒప్పించాలని చూసే వెధవని అనుకుంటుంది. జన్మలో నా ముఖం చూడదు. మాత్రల కోసం కూడా రానివ్వదు.

"సరే, ఎలాగోలా జరిగింది. ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"ఏముంది? అభ్యంతరం ఉన్నవాళ్ళు ఫాదర్‌గారికి చెప్పాలి. మీకుందా?"

"...మీకుందా?"

"నేను ముందు అడిగాను."

"లేడీస్ ఫస్ట్ అంటారు కదా."

"అది బస్సులో సీట్లకండీ," అంది. చిల్లర లేదని ఒక చాక్లెట్ చేతిలో పెట్టి, "పనులున్నాయి, వెళ్ళండి," అని గల్లా పెట్టె మూసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. రోడ్డు మీదికి వచ్చాక గుర్తొచ్చింది, ఇద్దరం జవాబు చెప్పలేదు.

*

మంగళవారం ఆమె వాళ్ళ నాన్న నన్ను వీధిలో ఆపేశారు. ఆయన టైలరు. ఫాదర్ల అంగీల దగ్గర్నుంచి బడిపిల్లల యూనిఫారాల దాకా మా వీధిలో బట్ట ముక్క ఏదైనా ఆయన చేతి మీదుగా వెళ్ళాల్సిందే. మాట తక్కువ మనిషి.

"బాబూ, ఒక్క నిమిషం లోపలికి రా."

వెళ్ళాను. తిడతారనుకున్నాను. టేపు తీసి నా ఛాతీ చుట్టూ వేశారు.

"చేతులు పైకెత్తు. ముప్ఫై ఎనిమిది. ఊపిరి వదులు, అలా బిగబట్టకు."

"ఇదెందుకండీ?"

"కోటుకి. నా అల్లుడు ఇంకొకడు కుట్టిన కోటు వేసుకుంటే నేనెందుకు టైలర్ని?"

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఆ టేపుకి తెలిసే ఉంటుంది. ఆయన నా భుజం కొలుస్తూ, ముఖం చూడకుండానే మాట్లాడారు.

"వాళ్ళమ్మ పోయి తొమ్మిదేళ్ళు. పెళ్ళి మాటలు ఆడవాళ్ళు మాట్లాడతారు, నాకు చేతకాదు. మూడు సంబంధాలు తెచ్చాను. మూడూ వద్దంది. ఆదివారం ఆ ప్రకటన విన్నాక ఇంటికొచ్చి, 'ఏంటమ్మా ఇది' అన్నాను. 'అన్నం వడ్డించనా నాన్నా' అంది. వద్దని మాత్రం అనలేదు. ఆ రోజు నేను ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను బాబూ." పెన్సిల్ చెవి సందున దోపుకున్నారు. "నాకెందుకు చెప్పలేదని కోపం లేదు. ఒక్కటే అడుగుతాను. నీకు ఇష్టమేగా?"

"ఇష్టమేనండీ," అన్నాను.

ఆమెకి చెప్పాల్సిన మాట మొదట వాళ్ళ నాన్నకి చెప్పాను. ఆ మాట ఒక్కటీ నిజం. మిగతాదంతా ఆయనకి తెలియని అబద్ధం. అక్కణ్ణుంచి నా ఫ్రిజ్‌ల దగ్గరికి వెళ్ళి ఏం బాగుచేశానో నాకే తెలీదు. ఒకావిడ ఫోన్ చేసి, 'కింద అర కూడా గడ్డకడుతోంది, ఏం చేశావయ్యా' అంది. ఆ పెద్దమనిషి నిశ్చింత తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు.

*

బుధవారం పొద్దున్నే పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఫాదర్ చెవిన వేసి క్షమాపణ అడగడం. రేపు పెద్ద పూజ కదా, అందరూ వస్తారు. వరసలో నిలబడ్డాను. నేను అక్కడ మోకరించి రెండేళ్ళయింది.

మధ్యలో ఉన్న చెక్క జాలీకి అవతల పెద్ద ఫాదర్ చెవి కనిపిస్తోంది.

"ఫాదర్, ఆ చీటీ తెల్ల ఫోల్డర్‌లో పెట్టింది నేనే."

"ఏ చీటీ?"

మొత్తం చెప్పాను. రైలు దగ్గర్నుంచి టేపు దాకా.

"చూడు బాబూ, తప్పు ఫోల్డర్‌లో పెట్టడం పొరపాటు. పొరపాటుకి క్షమాపణ ఎందుకు?"

"పెట్టడం పొరపాటేనండీ. మూడు రోజులుగా నోరు మూసుకున్నాను చూడండి, అది పాపం."

"ఎందుకు మూసుకున్నావు?"

"అది నిజమైతే బాగుండుననిపించి."

ఆ చెవి జాలీకి ఇంకాస్త ఆనింది. నిద్రపోయారేమోనని కంగారుపడ్డాను.

"మీరే సరిచేసెయ్యండి ఫాదర్. రేపు ప్రకటనల్లో ఒక్క మాట చెప్పండి చాలు."

"ఎలా చెప్పను? నువ్వు ఇక్కడ చెప్పింది నేను ఇక్కడే మర్చిపోవాలి. ఈ జాలీ దాటి ఒక్క అక్షరం బయటికి రాకూడదు. నీకు తెలీదా?"

నెత్తిన కొట్టుకున్నాను. అంత ధైర్యం కూడగట్టుకుని, ఎవరికి చెబితే ఏమీ చెయ్యలేరో సరిగ్గా ఆయనకే, ఎక్కడ చెబితే పనికిరాదో సరిగ్గా అక్కడే చెప్పాను!

"చెప్పాల్సినవాళ్ళకి చెప్పు బాబూ. దేవుడు క్షమించాడు. ఇంక భయం దేనికి?" అని, శిక్ష వేశారు. "ఈ రోజు అందరికీ ఒకటే ప్రాయశ్చిత్తం. సాయంత్రం నాలుగింటికి గ్రౌండ్‌కి వచ్చి రేపటి పూజకి బెంచీలు మొయ్యండి."

నాలుగింటికి వెళ్తే గ్రౌండ్‌లో పద్నాలుగు మంది ఉన్నారు. "ఊరికే, సాయం చేద్దామని వచ్చాను," అంది పొద్దున నా ముందు నిలబడిన పోస్టాఫీసు గుమాస్తా. "నేనూ అంతే," అన్నాడు ఆవిడ ముందు నిలబడినాయన. అందరికీ అందరి సంగతీ తెలుసు. పాపులందరం ఒకరి ముఖం ఒకరం చూడకుండా బెంచీలు మోస్తున్నాం.

నేనో పొడుగు బెంచీ ఒక కొస ఎత్తాను. రెండో కొస పైకి లేచింది. చూస్తే ఆమె.

"మీరేంటి ఇక్కడ?" అన్నాను.

"ఊరికే. సాయం చేద్దామని."

నా నవ్వు ఆగలేదు. ఆమెకీ ఆగలేదు. బెంచీ వంకర టింకరగా నడిచింది. పైన ఒక చిన్న మేఘం వచ్చి నాలుగు చినుకులు రాల్చి, ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయింది. షామియానా కింద బెంచీ దించాక కదల్లేదు నేను.

"మీతో ఒక మాట చెప్పాలి. మీరు కొడితే కొట్టండి. ఆ చీటీ తెల్ల ఫోల్డర్‌లో పెట్టింది నేనే. కావాలని కాదు. ఫోన్లో మాట్లాడుతూ చూసుకోలేదు. కానీ సోమవారం మీరడిగితే గాలి అన్నాను, ఫాదర్ అన్నాను. చెప్పనిది మాత్రం కావాలనే. మీరు అసహ్యించుకుంటారని భయమేసింది."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. బెంచీ మీద కూర్చుని, చేతికంటిన దుమ్ము దులుపుకుంది.

"ఆదివారం పూజకి ముందు ఆ రెండు ఫోల్డర్లూ సరిచూసేది ఎవరనుకున్నారు?" అంది.

"ఎవరు?"

"నేను."

నాకు వెంటనే వెలగలేదు. బుర్ర మీద ఎండ దెబ్బ అనుకోండి.

"ఎనిమిదింటికి తెరిచి చూశాను. తెల్లదాంట్లో మన చీటీ ఉంది. తియ్యబోయాను. ఇంతలో గంట కొట్టారు."

"గంట కొట్టినా తియ్యొచ్చుగా?"

"తియ్యొచ్చు." తల ఇంకాస్త వంచింది. "తియ్యలేదు. ఒక్క క్షణం అలా చూస్తూ నిలబడ్డాను. మన రెండు పేర్లూ ఆ ఫోల్డర్‌లో... బాగున్నాయనిపించింది. ఆయన చూసి పక్కన పెడతారులే అనుకున్నాను. నిజంగా చదివేస్తారనుకోలేదు. చదివాక సోమవారం మీ మీదకి తోసి, మీ నోటితో చెప్పిద్దామనుకున్నాను. మీరేమో గాలి అన్నారు."

"మరి మూడేళ్ళుగా నేను..."

"తలకి ఏమీ లేనివాడికి అన్ని మాత్రలు అమ్మాను. అదీ చెప్పుకున్నాను పొద్దున." కళ్ళెత్తింది. తడిగా ఉన్నాయి, నవ్వుతూ ఉన్నాయి. "నువ్వంటే నాకు ఇష్టం. చాలా? ఇంకా విడమర్చి చెప్పాలా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నేను ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. ఎదురుగా పాపులందరూ బెంచీలు దించేసి మమ్మల్నే చూస్తున్నారని మాత్రం గుర్తుంది.

"కానీ ఇలా కాదు," అంది ఆమె లేచి. "ఫాదర్‌కి చెప్దాం, పద. బయట. అందరి ముందూ ఆ ప్రకటన వెనక్కి తీసుకోవాలి. మనల్ని ఎవరూ అడగలేదు, మనం ఎవరికీ మాటివ్వలేదు. దేవుడి ముందు అబద్ధంతో మొదలుపెట్టను నేను."

పెద్ద ఫాదర్ వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ఇద్దరం మళ్ళీ మొదట్నుంచీ చెప్పాం. "అలాగా!" అన్నారాయన. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "ఇదే వినడం." చెప్పిందంతా విని, "రేపు సరిచేస్తాను. ముందు మీ నాన్నగారికి చెప్పమ్మా," అన్నారు.

*

చెప్పలేకపోయింది. ఇంటికెళ్ళేసరికి ఆయన కోటుకి గుండీలు కుడుతూ, ఎప్పుడూ లేనిది కూనిరాగం తీస్తున్నారట. పొద్దున నేను చెప్తానన్నాను. పొద్దున నేను పూజయ్యాక పంచే షర్బతుకి ఐసు పెట్టెలు దించి ఆయన దగ్గరికి వెళ్ళేలోపే గంట మోగింది.

షామియానా కింద విచారణంతా ఉంది. జెండా ఎగిరింది, పిల్లలు జాతీయగీతం పాడారు. నేను చదివాను. ఎంతసేపు పట్టిందో తెలీదు, ఎవరూ వాచీ చూడలేదు. ఆమె విశ్వాసుల ప్రార్థనలు చదివింది: దేశం కోసం, సరిహద్దులో కాపలా ఉన్నవాళ్ళ కోసం, పని దొరకనివాళ్ళ కోసం. ప్రతిదానికీ అందరం కలిసి "ప్రభువా, మా మొర ఆలకించుము" అంటుంటే, వెనక బెంచీలో నేనెన్నాళ్ళు ఏం పోగొట్టుకున్నానో తెలిసింది. మనసు తేలిగ్గా ఉంది. ఒక్క మనిషి ముఖం చూసినప్పుడే బరువెక్కుతోంది. టైలరుగారు రెండో వరసలో, ఇస్త్రీ చొక్కాలో, మా అమ్మకి రెండు కుర్చీల అవతల కూర్చున్నారు.

చివర్లో ఫాదర్ లేచారు.

"గత ఆదివారం నేనో పెళ్ళి ప్రకటన చదివాను. అది పొరపాటు. పఠనాల చీటీ అది. పెళ్ళికి మూడు ప్రకటనల కంటే ముందు కావలసింది ఒకటుంది. ఎవరి బలవంతమూ లేకుండా ఇద్దరూ సరేననాలి. వీళ్ళని మనం అడగకుండానే ఆమెన్ అనేశాం. దేశం తన స్వేచ్ఛని తలుచుకునే రోజున, ఈ ఇద్దరికీ వాళ్ళ స్వేచ్ఛ తిరిగి ఇచ్చేస్తున్నాను. ఆ ప్రకటన రద్దు."

గుసగుసలు అలలా లేచాయి. టైలరుగారు మాత్రం కదల్లేదు. ఆయన చేతులు మోకాళ్ళ మీద అలాగే ఉన్నాయి. ఆశీర్వాదం అవగానే లేచి, ఎవరినీ చూడకుండా గ్రౌండ్ చివరికి నడిచారు.

నేను పరుగెత్తాను. మా అమ్మ వెనకే వచ్చింది. అటు మైకు దగ్గర్నుంచి ఆమె కూడా వచ్చింది.

"ఆగండి," అన్నాను. రొప్పుతున్నాను. "తప్పు నాది. చీటీ నేనే పెట్టాను. మంగళవారం మీ దగ్గరే చెప్పాల్సింది. మీ సంతోషం చూసి చెప్పలేకపోయాను."

"నాలుగు రోజులు," అన్నారాయన. "నాలుగు రోజులు వాళ్ళమ్మ ఫోటోకి రోజూ చెప్పుకున్నాను, పిల్ల కుదురుకుందని. ఇప్పుడు ఏమని చెప్పను?"

"నాన్నా..." అంది ఆమె.

"నువ్వాగమ్మా. ఇతన్ని చెప్పనీ."

"మీరు ఇష్టమేనా అన్నారు, ఇష్టమేనన్నాను. అదొక్కటీ అబద్ధం కాదండీ," అన్నాను. "ఇప్పుడు నేనే అడుగుతున్నాను. మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చెయ్యండి. వద్దంటే మీ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాను. కోపం మాత్రం నా మీదే పెట్టుకోండి, ఆమె మీద వద్దు."

"మళ్ళీ పొరపాటు కాదుగా?"

"కాదండీ."

ఆయన కూతురి వైపు తిరిగారు. "నీ సంగతేంటి? ఈసారైనా అన్నం వడ్డించనా అనకుండా జవాబు చెప్పు."

"నాకిష్టం నాన్నా," అంది. అందరికీ వినిపించేలా అంది. "అతన్నే చేసుకుంటాను."

టైలరుగారు జేబులోంచి చేతిరుమాలు తీసి, ముఖం తుడుచుకుని, మడత మీద మడత పెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నా ప్రాణం ఆ మడతల్లో ఇరుక్కుపోయింది. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి మా అమ్మ ముందు నిలబడ్డారు.

"చెల్లెమ్మా," అన్నారు. "బావగారు లోడు దించి ఎప్పుడొస్తారు?"

చెల్లెమ్మా! బావగారు! ఆరొందల ఆమెన్లు ఒక ఎత్తు, ఆ రెండు మాటలు ఒక ఎత్తు. నా వెనక ఆయన కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎవరెంత ఏడ్చినా సూది గుచ్చడం ఆపని మా అమ్మ, జవాబు చెప్పబోయి చెప్పలేకపోయింది. ఫోన్ నా చేతిలో పెట్టి అటు తిరిగిపోయింది.

"నువ్వే చెయ్యరా మీ నాన్నకి," అంది. "వెంటనే బయల్దేరమను."